పెద్దవాళ్ళతో ఒక్కరోజులో నయాగరా: చిన్న గ్రూపు టూర్ ఎలా ఎంచుకోవాలి

జూలైలో మీ అత్తగారూ మామగారూ టొరంటో వస్తున్నారు, అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మీకు కారు లేదు, ఒక్కరోజులో నయాగరా చూపించి సాయంత్రానికి ఇంటికి చేర్చాలి. రైల్లో మీరే తీసుకెళ్ళడమా, పెద్ద టూరిస్టు బస్సా, గైడు ఉండే చిన్న వ్యానా అని కదా అడిగారు. చిన్న వ్యానే తీసుకోండి. మా అమ్మానాన్నల్ని అలాగే తీసుకెళ్ళాను. ఆ తర్వాత మా ఇంటికొచ్చే చుట్టాలందరికీ అదే చెబుతున్నాను. అయితే "చిన్న గ్రూపు" అని రాసున్న టూర్లన్నీ ఒకేలా ఉండవు. ఎన్ని చోట్లు చూపిస్తారని కాకుండా, జలపాతం దగ్గర మీ చేతికి ఎన్ని గంటలు ఇస్తారో చూసి బుక్ చేయండి. నేను చెప్పేదంతా చివరికి ఆ లెక్కలోకే వస్తుంది.

ముందు మిగతా రెండు దారుల సంగతి చెప్పేస్తాను. యూనియన్ స్టేషన్ నుంచి గో ట్రైన్ ఉంది, ఖర్చు బాగా కలిసొస్తుంది. కానీ నయాగరా ఫాల్స్ స్టేషన్‌కీ జలపాతానికీ మధ్య దూరం ఉంది. దిగాక మళ్ళీ వీగో అనే అక్కడి టూరిస్టు బస్సు పట్టుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు రైలు టైముకి పరుగెత్తాలి. నలుగురు కుర్రాళ్ళు వెళ్తుంటే నేనే రైలెక్కమంటాను. మోకాళ్ళు పట్టేసిన మనిషిని వెంటపెట్టుకుని ఆ ఎక్కడాలు దిగడాలు వద్దు.

పెద్ద బస్సు కూడా చౌకే. యాభై మంది దిగడానికి పది నిమిషాలు, ఎక్కడానికి పదిహేను, చివరి మనిషి కోసం ఎదురుచూపు ఇంకో పది. ఆగిన ప్రతి చోటా ఇదే తంతు. మా పిన్నీ బాబాయ్ వెళ్ళిన బస్సయితే మేపుల్ సిరప్ అమ్మే కొట్టు దగ్గర చాలాసేపు ఆగింది. జలపాతం దగ్గరికొచ్చేసరికి అందరినీ తొందరపెట్టారట. బాబాయ్ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని బాధపడతాడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషి గుర్రపునాడా (హార్స్‌షూ) జలపాతం, అంటే నయాగరాలోని మూడు జలపాతాల్లో అన్నిటికంటే పెద్దదాని ముందు నిలబడి గడియారం చూసుకోవాల్సి రావడం నాకు అస్సలు నచ్చలేదు.

చిన్న వ్యానులో పదీ పన్నెండు మంది ఉంటారు. కొన్నిట్లో ఇరవై పైచిలుకు సీట్లుంటాయి, దాన్ని కూడా చిన్న గ్రూపు అనే పిలుస్తారు కాబట్టి సంఖ్య అడగండి. మేం వెళ్ళిన వ్యాను మెట్టు బాగా ఎత్తు. అమ్మ దాన్ని చూసి వెనక్కి తగ్గింది. ఆ గైడు (ఆయనే డ్రైవరు కూడా) సీటు కింది నుంచి చిన్న ప్లాస్టిక్ పీట తీసి నేల మీద వేసి, కాలితో నొక్కి కదలకుండా ఉందో లేదో చూసి, అప్పుడు చెయ్యి అందించాడు. ఆగిన ప్రతిచోటా అమ్మ దిగేలోపు ఆ పీట అక్కడ ఉండేది. యాభై మంది బస్సులో ఇంత ఓపిక ఎవరికీ ఉండదు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, అంతమందితో కుదరదు.

ఇప్పుడు గంటల లెక్క. టొరంటో నుంచి నయాగరా దాదాపు 130 కిలోమీటర్లు. క్వీన్ ఎలిజబెత్ హైవే మీద ట్రాఫిక్ లేకపోతే గంటన్నర, వేసవిలో శుక్రవారం సాయంత్రమో ఆదివారం సాయంత్రమో అయితే ఎంతయినా పట్టొచ్చు. దీనికి తోడు ఉదయం హోటళ్ళ చుట్టూ తిరిగి జనాన్ని ఎక్కించుకోవడానికి ముప్పావు గంటో గంటో పోతుంది. తొమ్మిదీ పది గంటల టూరు అని రాసున్నా, ప్రయాణం తీసేస్తే మిగిలేది ఐదారు గంటలే. అందులోంచి వైన్ రుచి చూడటం, ఊరు చూడటం, పూల గడియారం అన్నీ తీసేసి చూడండి. జలపాతం దగ్గర మూడున్నర గంటలకి తక్కువ మిగిలితే ఆ టూరు వదిలేయండి. వెబ్‌సైట్‌లో రాయకపోతే ఫోన్ చేసి "ఫాల్స్ దగ్గర ఫ్రీ టైమ్ ఎంత?" అని సూటిగా అడగండి. సూటిగా సమాధానం చెప్పనివాళ్ళతో వెళ్ళొద్దు.

వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో పెట్టుకుంటే ఈ లెక్క మీకు ఇంకా కలిసొస్తుంది.

రెండో విషయం, ఏది ముందు ఏది తర్వాత అన్నది. జూలైలో పడవ దగ్గర క్యూ మధ్యాహ్నానికి కొండవీటి చాంతాడు అవుతుంది. మంచి గైడు వ్యాను ఆపగానే ముందు పడవ దగ్గరికే తీసుకెళ్తాడు. కెనడా వైపు పడవ నడిపేది నయాగరా సిటీ క్రూజెస్. తడవకుండా తల మీదుగా వేసుకునే ఎర్ర పాంచోలు ఇస్తారు. అమెరికా వైపు మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ వాళ్ళవి నీలం రంగువి. నది మధ్యలో రెండు రంగులూ ఎదురెదురుగా వచ్చి చేతులూపుకుంటారు, మా నాన్న చిన్నపిల్లాడిలా రెండు చేతులూ ఊపాడు. పడవ దాదాపు ఇరవై నిమిషాలు. మొదట అమెరికన్ ఫాల్స్, పక్కనే సన్నగా బ్రైడల్ వెయిల్, ఆ తర్వాత గుర్రపునాడా ఒంపులోకి పోతుంది. అక్కడ మాటలు వినపడవు, కళ్ళు తెరవనివ్వదు. పాంచో ఉన్నా మోకాళ్ళ కింద తడిసి ముద్దవుతారు. అత్తగారు పై డెక్కుకి మెట్లెక్కక్కర్లేదు, కింది డెక్కులో రెయిలింగ్ పక్కన నిలబడితే చాలు. పడవ దగ్గరికి దిగడానికి లిఫ్టు ఉంది, కానీ దాని ముందూ వెనకా కొంచెం నడక, చాలాసేపు నిలబడటం తప్పవు. ఉదయమే వెళ్ళమనడానికి ఇది కూడా ఒక కారణం.

టికెట్టు టూరులోనే కలిపి ఉందా, అక్కడ విడిగా కొనాలా అన్నది కూడా ముందే తేల్చుకోండి. రేటు తక్కువగా కనిపించే టూర్లలో చాలావరకు పడవ ఉండదు.

ఫోటోల కోసమైతే మధ్యాహ్నం మంచిది. కెనడా ఒడ్డు నుంచి చూస్తే జలపాతం మనకి తూర్పు వైపు పడుతుంది, కాబట్టి ఉదయం ఎండ కళ్ళలో కొడుతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు మన వెనక్కి వస్తాడు, అప్పుడే తుంపర మీద ఇంద్రధనుస్సు లేస్తుంది. ఉదయం పడవ, తర్వాత భోజనం, మధ్యాహ్నం టేబుల్ రాక్ (గుర్రపునాడా అంచు పక్కనే ఉన్న సందర్శకుల కేంద్రం) దగ్గర తీరిగ్గా కూర్చోవడం, పెద్దవాళ్ళకి ఈ వరసే బావుంటుంది. టేబుల్ రాక్ దగ్గర గోడకి అటువైపు కొన్ని అడుగుల దూరంలోనే నీళ్ళు అంచు దాటి పడిపోతుంటాయి. దాదాపు 57 మీటర్ల లోతు, 670 మీటర్ల వెడల్పు అని అంకెలు చెబితే ఏమీ తెలియదు. ఆ ఆకుపచ్చటి నీరు వంపు తిరిగే చోట నిలబడి చూడాలి.

మీరు జూలై అన్నారు కాబట్టి నీళ్ళ గురించి బెంగ పడక్కర్లేదు. కెనడా, అమెరికా 1950లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా (ఆ తర్వాత అక్టోబరు ఆఖరు వరకు రాత్రి 8 దాకా) సెకనుకి లక్ష ఘనపుటడుగులకి తగ్గకుండా జలపాతం మీదుగా వదలాలి. మిగతా సమయాల్లో అందులో సగం వదిలితే సరిపోతుంది, మిగిలింది రెండు దేశాల విద్యుత్ కేంద్రాలకి మళ్ళిస్తారు. ఇది విని మా నాన్న (ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాడు) గైడుని వదల్లేదు. గేట్లు ఎక్కడున్నాయి, ఎవరు నడుపుతారు, లెక్క ఎవరు రాస్తారు అని వరసగా అడిగాడు. గైడు కూడా విసుక్కోకుండా, వ్యానుని ఎగువకి తీసుకెళ్ళి, అక్కడ నదిలో అడ్డంగా ఉన్న కంట్రోల్ గేట్లు చూపించాడు.

గైడు ఎందుకు, ఫోన్‌లో అన్నీ దొరుకుతాయి కదా అనేవాళ్ళకి నా జవాబు ఇదే. జలపాతానికి కాస్త ఎగువన, నది మధ్యలో తుప్పు పట్టిన ఇనప డొప్ప ఒకటి కనిపిస్తుంది. మేమయితే అదేదో చెత్త అనుకుని దాటిపోయేవాళ్ళం. గైడు మమ్మల్ని ఆపి చెప్పాడు. 1918 ఆగస్టులో, తనని లాక్కెళ్తున్న పడవ నుంచి తాడు తెగి, ఇద్దరు మనుషులతో సహా జలపాతం వైపు కొట్టుకుపోయిన బార్జి (ఇంజిను లేని బల్లపరుపు పడవ) అది. వాళ్ళిద్దరూ అడుగు తలుపులు తెరిచి నీళ్ళు నింపి దాన్ని రాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఒడ్డున ఉన్న పవర్ హౌస్ పైకప్పు నుంచి తాడు విసిరి, మర్నాడు ఇద్దర్నీ ప్రాణాలతో లాక్కొచ్చారు. వందేళ్ళు కదలకుండా ఉన్నది 2019 అక్టోబరు ఆఖరున తుపానుకి కాస్త కిందికి జరిగింది. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు, నేను పక్కనుంచి తెలుగులో చెప్పాను. విన్నాక చాలాసేపు ఆ డొప్ప వైపే చూస్తూ ఉండిపోయింది. ఊరొచ్చాక పక్కింటివాళ్ళకి మొదట చెప్పింది ఆ ఇద్దరి గురించే.

మీ అత్తామామలకి ఇంగ్లీషు ఇబ్బందయితే మీరో మీవారో తప్పకుండా వెంట ఉండండి. పెద్దవాళ్ళిద్దర్నే పంపొద్దు.

పడవ తర్వాత ఇంకొకటే చూడగలిగితే? జర్నీ బిహైండ్ ది ఫాల్స్ అని జలపాతం వెనక్కి వెళ్ళే సొరంగాలున్నాయి. లిఫ్టులో 38 మీటర్లు కిందికి దింపుతారు. వెనక నుంచి తెల్లటి నీటి తెర మాత్రమే కనిపిస్తుంది, బయట డెక్కు మీదకొస్తే పక్కనుంచి జలపాతం మీద పడుతున్నట్టు ఉంటుంది. రెండోది నయాగరా పార్క్స్ పవర్ స్టేషన్ అనే పాత విద్యుత్ కేంద్రం. 1905 నుంచి 2006 దాకా పనిచేసిన దాన్ని బాగుచేసి 2021లో మ్యూజియంగా తెరిచారు. దాని కింద నీళ్ళు బయటికి పోవడానికి తవ్విన సొరంగంలో 670 మీటర్లు నడిస్తే నది ఒడ్డుకి వస్తాం. అంతదూరం వెనక్కి నడవాలి కూడా. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి మొదటిదే. మామగారికి యంత్రాల మీద ఇష్టముంటే ఆయన్ని మీరు రెండోదానికి తీసుకెళ్ళండి, అత్తగారు టేబుల్ రాక్‌లో కూర్చుంటారు.

దారిలో చూపించేవాటిలో నాకు నచ్చింది నది పక్కనే సాగే నయాగరా పార్క్‌వే రోడ్డు మీద ప్రయాణం. జలపాతం దాదాపు 12 వేల ఏళ్ళ కిందట దిగువన క్వీన్‌స్టన్ అనే ఊరి దగ్గర ఉండేదట. పైన గట్టి రాయి, కింద షేలు అనే మెత్తటి రాయి. కింది రాయి కోసుకుపోయి పైది విరిగి పడుతూ, పడుతూ 11 కిలోమీటర్లు వెనక్కి జరిగింది. ఆ లోయ పక్కనే వ్యాను వెళ్తుంది, మధ్యలో వర్ల్‌పూల్ సుడిగుండం దగ్గర ఆగుతుంది. నయాగరా ఆన్ ది లేక్ ముచ్చటైన ఊరు, అరగంట ముప్పావుగంట చాలు. వైన్ రుచి చూపించే చోటు ఉన్న టూర్లు ఎక్కువ. ఇంట్లో ఎవరూ తాగకపోతే ఆ గంట మీకు దండగ, అది లేని టూరు వెతకండి, లేదా ఆ సమయాన్ని జలపాతం దగ్గరే ఇస్తారేమో అడగండి.

వెంట తీసుకెళ్ళాల్సినవి, గుర్తుంచుకోవాల్సినవి: జలపాతం దగ్గర హోటళ్ళలో రేట్లు ఎక్కువ, శాకాహారులకి దొరికేది తక్కువ. పులిహోరో చపాతీలో కట్టుకెళ్ళండి, క్వీన్ విక్టోరియా పార్కులో చెట్ల కింద బెంచీలున్నాయి. ఇద్దరికీ చెరో అదనపు జత మేజోళ్ళు, పట్టు జారని బూట్లు, పలచటి స్వెట్టరు. మందులు వ్యానులో వదలకుండా చేతిసంచిలో ఉంచండి. నది పక్కన ఫోన్లు అమెరికా టవర్‌ని పట్టేస్తాయి కాబట్టి రోమింగ్ ఆపేయండి, లేకపోతే బిల్లు వాచిపోతుంది. చూపించిన ధర మీద 13 శాతం పన్ను పడుతుంది, గైడుకి టిప్పు వేరే. రెయిన్‌బో బ్రిడ్జి దాటి అమెరికా వైపు కూడా చూద్దామని ఎవరైనా అంటే, భారతీయ పాస్‌పోర్టుకి అమెరికా వీసా కావాలి. ఎదురుగా నిండుగా కనిపించేది కెనడా వైపు నుంచే కాబట్టి పెద్దవాళ్ళకి ఆ హడావిడి అక్కర్లేదు.

బుక్ చేసేటప్పుడే అత్తగారి మోకాళ్ళ సంగతి రాసి, ముందు వరస సీటు అడగండి. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి మళ్ళీ గుర్తుచేయండి, పికప్ ఎక్కడో అప్పుడే నిర్ధారించుకోవచ్చు. వాళ్ళ పికప్ వరసలో చివర ఉండే హోటలు మీకు దగ్గరయితే అక్కడే ఎక్కండి, ఉదయం అరగంట నిద్ర మిగులుతుంది.