పని మీది, నిర్ణయం ఎవరిది? ఉద్యోగినుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ భాగం కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళవి, లేదంటే అవ్వాల్సి ఉండి అక్కడే ఆగిపోయినవాళ్ళవి. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చేసారికి ఉంచి వీటికే చోటిచ్చాను. పేర్లు, ఆఫీస్ వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, ఈమధ్యే నన్ను టీమ్ లీడ్ చేశారు. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చున్నవాళ్ళే ఇవాళ నా టీమ్, వాళ్ళకి పని చెప్పాలంటే మహా మొహమాటంగా ఉంది. చెప్పినా వాళ్ళు చేసింది నాకు నచ్చక రాత్రిళ్ళు కూర్చుని మొత్తం నేనే సరిచేస్తున్నా. నాకంటే వయసులో పెద్దాయన ఒకరున్నారు, ఏదున్నా నన్ను దాటేసి నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్ళిపోతారు. పాత పోస్టే నయమేమో అనిపిస్తోంది.

జవాబు: వెనక్కి వెళ్ళొద్దమ్మా. ఇక్కడ మీకు చేతకానిదేమీ లేదు, పాత పని వదలకుండా కొత్త పని కూడా నెత్తినేసుకున్నారు, అంతే. ఇప్పటిదాకా మీ పనితనానికి కొలత మీ చేత్తో మీరు ఏం చేశారన్నది, ఇకనుంచి మీ టీమ్ ఏం చేయగలుగుతోందన్నది. ఈ మార్పు ఎవరికైనా కష్టమే గానీ చిన్నప్పట్నించీ బాగా పనిచేసి మెప్పు పొందిన అమ్మాయిలకి ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్ళని ఇక్కడిదాకా తెచ్చిందే ఆ శ్రద్ధ, దాన్నే కొంచెం సడలించమంటే ప్రాణం ఒప్పుకోదు.

రాత్రి మీరు సరిచేసిన ఫైల్ పొద్దున్న చూసి ఎవరూ ఏమీ నేర్చుకోరు, అసలు తప్పు జరిగిందని కూడా వాళ్ళకి తెలీదు, మళ్ళీ వారం అదే తప్పుతో వస్తారు, మళ్ళీ మీరే కూర్చుంటారు. అందుకే సరిచేయడం ఆపి తిరిగి పంపడం మొదలుపెట్టండి. "ఇక్కడ లెక్క సరిపోలేదు, ఈ భాగం చదివేవాళ్ళకి అర్థం కాదు, రేపు మధ్యాహ్నానికి మార్చి పంపు" అని రాసి ఇచ్చేయండి. మొదట్లో మీరే చేసుకుంటే తొందరగా అయిపోయేదే అనిపిస్తుంది, నిజమే, అయినా తట్టుకోండి.

ఇంకోటి, పని అప్పజెప్పేటప్పుడు "కొంచెం ఇది చూడవా" అని వదిలేస్తున్నారేమో గమనించుకోండి. మొహమాటం ఉన్నవాళ్ళం అందరం ఇలాగే అంటాం. పని పూర్తయ్యాక ఎలా ఉండాలి, ఎప్పటికి కావాలి, ఏ నిర్ణయం అతను సొంతంగా తీసుకోవచ్చు, ఏది మిమ్మల్ని అడగాలి, ఈ నాలుగూ మొదట్లోనే చెప్పేయాలి. పని కొద్దిగా మొదలయ్యాక ఒకసారి చూడండి, మొత్తం అయిపోయాక చూస్తే మార్చడానికి టైమ్ ఉండదు, అప్పుడు మళ్ళీ మీ రాత్రి నిద్ర పోతుంది.

ఫ్రెండ్స్ సంగతికొస్తే, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడండి. "నా పోస్టు మారింది, మనిద్దరికీ కొత్తే, నీకు ఈ ఏడాది ఏ పని మీద పట్టు రావాలనుంది, నానుంచి ఏం కావాలి" అని అడగండి. అడిగి ఊరుకోకుండా విన్నదాంట్లో ఒక్కటైనా చేసి చూపించండి, అధికారం అప్పుడు దానంతటదే వస్తుంది.

ఆ పెద్దాయనతో అందరి ముందూ తేల్చుకోవద్దు. గౌరవం ఏమీ తగ్గించకుండా, గారు అంటూనే, గది తలుపేసుకుని సూటిగా చెప్పండి: "మీ అనుభవం నాకు కావాలి, ఫలానా భాగం పూర్తిగా మీ చేతిలో పెడదామనుకుంటున్నా, కానీ ఏదైనా ముందు నాతో మాట్లాడాలి, నాకు తెలీకుండా పైకి వెళ్తే మొత్తం టీమ్‌కి ఇబ్బంది." ఆ భాగం నిజంగా బరువైన పనై ఉండాలి, నామకే వాస్తే ఇస్తే ఆయనకి వెంటనే తెలిసిపోతుంది. దీనికంటే ముఖ్యం మీ మేనేజర్‌తో మాట్లాడటం. ఆయన వచ్చినప్పుడల్లా మేనేజర్ కూర్చోబెట్టి జవాబిస్తున్నారు కాబట్టే వెళ్తున్నారు. "లీడ్‌తో మాట్లాడారా? మాట్లాడి ఇద్దరూ కలిసి రండి" అని మేనేజర్ రెండు మూడు సార్లు అంటే చాలు, ఆ అలవాటు పోతుంది. ఈ మాట అనమని మేనేజర్‌ని అడగడం కంప్లైంట్ కాదు, మీ పని మీరు చేయడానికి కావాల్సింది అడగడం.

ప్రశ్న: మీటింగ్‌లో నేను ఒక ఐడియా చెప్తే ఎవరూ పలకరు. కాసేపటికి అదే మాట ఇంకో కొలీగ్ అంటే "సూపర్ పాయింట్" అంటారు. గొడవపడలేను, మింగలేను.

జవాబు: ఇది మీ ఒక్కరికే జరుగుతోందనుకోవద్దు, అమెరికా అధ్యక్షుడి ఆఫీసులో పనిచేసే ఆడవాళ్ళకే తప్పలేదు. ఒబామా హయాంలో వైట్ హౌస్ మహిళా ఉద్యోగులు దీనికి ఒక ఉపాయం పెట్టుకున్నారని 2016లో పేపర్లలో వచ్చింది. ఒకామె ముఖ్యమైన పాయింట్ చెప్తే ఇంకొకామె వెంటనే అదే మాట మళ్ళీ చెప్పి, చెప్పింది ఎవరో పేరు పెట్టి మరీ అనేవాళ్ళు. దాంతో అది ఎవరి ఆలోచనో అక్కడున్న అందరికీ రిజిస్టర్ అయ్యేది, ఎవరూ ఎత్తుకుపోలేకపోయేవాళ్ళు. మీ ఆఫీసులో కూడా ఒక్కరితోనైనా ఈ ఒప్పందం చేసుకోండి, ఆవిడ మాటకి మీరు, మీ మాటకి ఆవిడ. మగ కొలీగ్ అయినా పర్లేదు, న్యాయంగా ఆలోచించేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు.

ఒంటరిగా ఉన్నప్పుడు అయితే, పాయింట్ ఎవరో తీసుకున్న వెంటనే మామూలు గొంతుతో "అవును, ఇందాక నేను చెప్పింది అదే, దానికి తర్వాత అడుగు ఏంటంటే" అని కొనసాగించేయండి. గొడవ లేదు, మాట మళ్ళీ మీ దగ్గరికొచ్చేసింది. మీటింగ్ అయ్యాక ఆ ప్రతిపాదన నాలుగు లైన్లలో రాసి అందరికీ పంపించండి. ముందురోజే నిర్ణయం తీసుకునే మనిషికి చెప్పి ఉంచితే ఇంకా మంచిది, నిజానికి చాలా నిర్ణయాలు మీటింగ్ కంటే ముందే సగం అయిపోయి ఉంటాయి, ఆ ముందు జరిగే మాటల్లో మనం లేకపోవడమే అసలు నష్టం. ఇంకొక్క మాట, "ఇది తప్పేమో గానీ", "చిన్న డౌట్ అండి" అని మొదలుపెట్టే అలవాటుంటే మానేయండి, వినేవాళ్ళు ఆ మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు.

ప్రశ్న: గట్టిగా చెప్తే గయ్యాళి అంటున్నారు, మెల్లగా చెప్తే ఈవిడ వల్ల కాదంటున్నారు. అసలు ఎలా ఉండాలో చెప్పండి.

జవాబు: మీ బాధ నిజమైనదే, ఊహ కాదు. కొలంబియా బిజినెస్ స్కూల్లో ఫ్రాంక్ ఫ్లిన్ అనే ప్రొఫెసర్ హైడీ రోయిజెన్ అనే ఇన్వెస్టర్ కథని క్లాసులో సగం మందికి ఉన్నదున్నట్టు ఇచ్చి, మిగతా సగానికి పేరు ఒక్కటి మార్చి హోవర్డ్ అని ఇచ్చారు. ఇద్దరూ సమర్థులే అని రెండు గుంపులూ ఒప్పుకున్నాయి, కానీ హోవర్డ్‌తో పనిచేయడానికి ఇష్టపడ్డారు, హైడీ స్వార్థపరురాలిలా ఉందన్నారు. కథ ఒకటే, మారింది పేరే!

కాబట్టి అందరికీ నచ్చే గొంతు ఒకటి ఎక్కడో ఉంది, అది నాకు దొరకట్లేదు అని వెతుక్కోకండి, అది లేదు. దాని బదులు మీరు ఎప్పుడు గట్టిగా ఉంటారో టీమ్‌కి ముందే తెలిసేలా ఉండండి. "క్లయింట్‌కి వెళ్ళేదాంట్లో తప్పులుంటే ఒప్పుకోను, లేటవుతుందంటే ముందురోజే చెప్పండి, చెప్తే నేను చూసుకుంటా" అని మొదటిరోజే చెప్పి, అందరికీ ఒకేలా పాటిస్తే ఆ గట్టిదనం రూల్‌లా కనిపిస్తుంది, మీ కోపంలా కాదు. తప్పు గురించి మాట్లాడండి, మనిషి గురించి కాదు. తప్పు విడిగా చెప్పండి, మెప్పు అందరిలో చెప్పండి. ఇన్ని చేసినా ఇద్దరు ముగ్గురు గయ్యాళి అంటూనే ఉంటారు, వాళ్ళని వదిలేయండి. మీ పై ఆఫీసర్ రివ్యూలో ఆ మాట రాస్తే మాత్రం వదలొద్దు, "ఏ సందర్భంలో, నేను ఏమన్నాను, ఏమనాల్సింది" అని అడగండి. జవాబుంటే నేర్చుకుందురు, లేకపోతే ఆ మాట రివ్యూలోంచి తీసేయమని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మీటింగ్ నోట్స్ నేనే, బర్త్‌డే కేకులు నేనే, కొత్తవాళ్ళకి ఆఫీస్ చూపించేది నేనే. వద్దంటే టీమ్ ప్లేయర్ కాదంటారేమోనని భయం.

జవాబు: 2017లో లిండా బాబ్‌కాక్, లీసె వెస్టర్‌లుండ్ ఇంకా వాళ్ళ తోటి పరిశోధకులు ఇదే విషయం మీద తాము చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ముగ్గురేసి గ్రూపు, ఎవరో ఒకరు ఒక బటన్ నొక్కితే ముగ్గురికీ లాభం, కానీ నొక్కినవాళ్ళకి మిగతా ఇద్దరికంటే తక్కువ వస్తుంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి ఉన్న గ్రూపుల్లో ఆడవాళ్ళే ఎక్కువగా నొక్కారు. అందరూ మగవాళ్ళే ఉన్న గ్రూపుల్లో మాత్రం వాళ్ళూ బాగానే నొక్కారు. అంటే ఇది ఆడవాళ్ళ స్వభావమేమీ కాదు, పక్కన ఆడమనిషి ఉంటే ఆమె చేస్తుందిలే అని అందరూ, ఆమెతో సహా, అనుకోవడం. బటన్ నొక్కమని ఎవర్ని అడగాలో ఇంకో మనిషిని ఎంచుకోమంటే ఆడవాళ్ళని 44 శాతం ఎక్కువగా అడిగారు, అడిగినప్పుడు సరేనన్నది ఆడవాళ్ళు 76 శాతం, మగవాళ్ళు 51 శాతం.

అందుకని "నేను చెయ్యను" అనే కంటే "వంతులు వేసుకుందాం" అనండి. మీటింగ్ నోట్స్‌కి పేర్ల లిస్ట్ పెట్టి అక్షరాల వరసలో తిప్పండి, ఈ వారం మీది, వచ్చేవారం ఆయనది. ఎవరైనా చేస్తారా అని బాస్ అడిగి అందరూ మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనాన్ని భరించండి, ముందు మీ చెయ్యి లేవకుండా చూసుకోండి. కొత్తవాళ్ళకి నేర్పించడం లాంటివి మీకు నిజంగా ఇష్టమైతే మానక్కర్లేదు, కానీ దాన్ని మీ టార్గెట్స్‌లో రాయించుకోండి, రివ్యూలో లెక్కకి రాని పనికి మీ సాయంత్రాలు పెట్టకండి.

ప్రశ్న: ప్రతి రివ్యూలో "వెరీ గుడ్" అంటారు. ప్రమోషన్ మాత్రం వేరేవాళ్ళకి. ఇంకా ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఇంకో కోర్సు చెయ్యకండి దయచేసి. ఈ ఉత్తరాలు చదువుతుంటే నాకు కడుపు తరుక్కుపోయేది ఇక్కడే, చేయాల్సిన దానికంటే ఎక్కువే చేసి, లోపం ఇంకా తమలోనే ఉందని వెతుక్కుంటుంటారు. అమెరికా, కెనడా కంపెనీలని చూసి మెకిన్సీ, లీన్‌ఇన్ సంస్థలు కలిసి ఏటా ఇచ్చే రిపోర్టులో 2024 లెక్క ప్రకారం, మొదటిసారి మేనేజర్‌గా 100 మంది మగవాళ్ళకి ప్రమోషన్ వస్తే ఆడవాళ్ళకి 81 మందికే వచ్చింది. పై పోస్టులకి వెళ్ళనివ్వని కనపడని అడ్డు, అదే గ్లాస్ సీలింగ్ దగ్గర ఆగిపోవడం తర్వాత సంగతి, మొదటి మెట్టు దగ్గరే వెనకబడుతున్నారు.

"వెరీ గుడ్" అనేది ఫీడ్‌బ్యాక్ కాదు. రివ్యూకి రెండు మూడు నెలల ముందే వెళ్ళి నేరుగా అడగండి: ఈ ప్రమోషన్ నిర్ణయం ఎవరెవరు తీసుకుంటారు, ఎప్పుడు కూర్చుంటారు, ఏం చూస్తారు, వాటిలో నాకు లేనిది ఏది? జవాబు మీరే మెయిల్‌లో రాసి "మనం అనుకున్నది ఇదీ" అని పంపించి పెట్టుకోండి. చేసిన పనులు కూడా "చాలా కష్టపడ్డాను" అని కాకుండా దాని వల్ల ఎంత టైమ్ తగ్గింది, ఎంత ఖర్చు తగ్గింది, మీరు ఏ నిర్ణయం తీసుకున్నారు అని రాయండి. "మేము చేశాం" అని రాసే అలవాటు మనకి బాగా ఎక్కువ, టీమ్ చేసింది టీమ్ చేసిందనే రాయండి, మీరు తీసుకున్న నిర్ణయం మాత్రం "నేను" అని రాయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సలహా చెప్పేవాళ్ళు వేరు, మీరు లేని గదిలో మీ పేరు ఎత్తి ఈమెకే ఇవ్వాలి అని పట్టుబట్టేవాళ్ళు వేరు. మొదటివాళ్ళని మెంటర్ అంటాం, రెండోవాళ్ళని స్పాన్సర్ అంటాం. మీలాంటివాళ్ళకి మెంటర్స్ బోలెడుమంది ఉంటారు, స్పాన్సర్ ఉండరు. ఆ రెండో మనిషి దొరకాలంటే పై స్థాయిలో ఉన్నవాళ్ళకి మీ పని ప్రత్యక్షంగా తెలియాలి, అందుకే మీరు చేసిన రిపోర్ట్ మీరే ప్రెజెంట్ చేస్తానని అడగండి, బాస్ చేతికిచ్చి వచ్చేయకండి. రెండు రివ్యూలు ఇలా గట్టిగా అడిగినా జవాబు గాల్లోనే ఉంటే బయట ఉద్యోగం చూసుకోండి, అది ఓటమి కాదు.

ప్రశ్న: నష్టాల్లో ఉన్న ఒక ప్రాజెక్ట్‌కి హెడ్‌గా వెళ్ళమంటున్నారు. వెళ్ళాలా?

జవాబు: 2005లో మిషెల్ రయన్, అలెక్స్ హాస్లమ్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్ పెద్ద కంపెనీల లెక్కలు చూసి, పరిస్థితి బాగోలేని కంపెనీల్లోనే బోర్డులోకి ఆడవాళ్ళని తీసుకోవడం ఎక్కువగా కనిపించిందని రాశారు. దానికి గ్లాస్ క్లిఫ్, అంటే జారిపడే ప్రమాదమున్న గాజు కొండ అంచు, అని పేరు పెట్టారు. అలాగని వద్దనక్కర్లేదు, ఇలాంటి చోట నిలబెట్టి చూపిస్తే మంచి పేరొస్తుంది. కానీ ఒప్పుకునే ముందే, అంటే మీరు వాళ్ళకి అవసరమైన ఆ రోజుల్లోనే, అడగాల్సినవి అడిగేయండి: ఇంతకుముందు ఉన్నాయన ఎందుకు మానేశారు, మనుషుల్ని మార్చుకునే అధికారం ఉందా, బడ్జెట్ ఎంత, ఎన్ని నెలలు ఇస్తారు, అప్పటికి ఏది సాధిస్తే సక్సెస్ అంటారు? ఇవన్నీ కాగితం మీద పెట్టించుకోండి. అధికారం ఇవ్వం, బాధ్యత మాత్రం మీదే అంటే వద్దని చెప్పేయండి.

ప్రశ్న: నేను మగ మేనేజర్‌ని. మా టీమ్‌లో అమ్మాయిలు బాగా చేస్తారు కానీ ముందుకి రారు. నేనేం చెయ్యగలను?

జవాబు: అడిగినందుకు సంతోషం అండీ. ముందుకి రారు అనే ముందు, కష్టమైన కస్టమర్ కాల్, పైవాళ్ళ ముందు ప్రెజెంటేషన్, కొత్త ప్రాజెక్ట్, ఇవి పోయిన ఏడాది ఎవరెవరికి ఇచ్చారో కూర్చుని రాసి చూడండి. "ఆమెకి ఇంట్లో చిన్నపిల్లలు, ఇబ్బందవుతుందేమో" అని మీరే మంచి మనసుతో తప్పించి ఉంటారు, ఆమెని మాత్రం అడిగి ఉండరు. ఆ నిర్ణయం ఆమెకి వదిలేయండి. మీటింగ్‌లో ఆమె మాట మధ్యలో ఎవరైనా ఆపితే "ఆవిడని పూర్తి చెయ్యనివ్వండి" అని మీరే అనండి, మీరంటే ఒక్క క్షణంలో అయిపోతుంది, ఆమె అనాలంటే చాలా ఆలోచించుకోవాలి. ఇక ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు నొచ్చుకుంటారేమోనని మెత్తగా చెప్పకండి, మగ కుర్రాడికి ఎక్కడ తప్పిందో ఎలా విడమరిచి చెప్తారో ఆమెకీ అలాగే చెప్పండి. వచ్చే ప్రమోషన్ లిస్ట్ తయారయ్యే ముందు ఆమెని పిలిచి, ఈ పోస్టుకి నీ పేరు ఇద్దామనుకుంటున్నా, ఇంకా ఈ రెండు పనులు చేసి చూపించు అని చెప్పండి.