గిటారు వాయించి బతకగలడా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఆదివారాలు చర్చిలో, సెలవుల్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. ఇంజినీరింగ్ వద్దు, పాటల రికార్డింగుల్లో వాయిస్తానంటున్నాడు. వాళ్ల నాన్నగారు ఆ మాటే ఎత్తనివ్వడం లేదు. మీరు ఆ పని చేసి వచ్చారని తెలిసి రాస్తున్నాను.

జవాబు: అమ్మా, మీవాడు ఎంత బాగా వాయిస్తాడని నేను అడగను. ఎప్పుడూ వినని పాటను కాగితం చూసి అప్పటికప్పుడు వాయించగలడా?

1986లో మద్రాసు రైలెక్కినప్పుడు నాకది రాదు. బెజవాడ ఆర్కెస్ట్రాల్లో వినికిడితో పట్టేసి పేరు తెచ్చుకున్నాననే ధీమా మాత్రం ఉంది. అక్కడి వడపళని స్టూడియోలో మొదటి కాల్‌షీటు, అంటే ఒక పూట రికార్డింగు పని. స్టాండు మీద స్టాఫ్ నొటేషన్, అంటే అయిదు గీతల మీద గుర్తులతో స్వరాలు రాసిన కాగితం పెట్టారు. ఒకే హాల్లో నలభై మంది వాద్యకారులు. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి. మూడుసార్లు తప్పాను. వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ నన్ను ఒక్క మాట అనలేదు, నా ఎనిమిది బార్ల (తాళం ఆవర్తాల్లాంటివి) బిట్టును పియానోకు ఇచ్చేశాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఏడాదిపాటు పగలు ఇతరుల వాద్యాలు మోస్తూ, రాత్రిళ్లు ఒక వయొలిన్ మాస్టారి దగ్గర నొటేషన్ నేర్చుకున్నాను.

ఆ పనిలో వేళ్ల కంటే చెవుల భయం ఎక్కువ. చొక్కా బొత్తాం గిటారు వెనక భాగానికి రాసుకుంటే ఆ గీత చప్పుడు కూడా టేపు మీద పడేది. అందుకే నేను మెడ దగ్గర తప్ప బొత్తాల్లేని జుబ్బాలు కుట్టించుకున్నాను. చేతి గడియారం తీసి జేబులో వేసుకోవడం, తీగ మీద వేలు జారినప్పుడు వచ్చే కీచును అణచడం, కాగితం తిప్పే చోటు ముందే చూసుకోవడం... అప్పట్లో వీటికి బడి ఏదీ లేదు.

ఇక డబ్బు. కాల్‌షీటుకు ఇంత అని ఇచ్చేవారు. పాట ఎన్నేళ్లు మోగినా మళ్లీ పైసా రాలేదు. రెండు పాటలకు ఒక నిర్మాత నాకు ఇప్పటికీ బాకీ! 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ హక్కు గట్టిపడింది. నాలాంటివాళ్ల జేబుకు తేడా ఏమీ తెలియలేదు. పైగా నేను ఉండగానే కీబోర్డులో గిటారు శబ్దం దొరకడం మొదలైంది. వారానికి ఆరు కాల్‌షీట్లున్న నేను రెండింటికి వచ్చాను. వాళ్ల నాన్నగారి భయం ఉత్తిది కాదు.

ఇళయరాజా గారు కూడా స్టూడియోల్లో గిటారు వాయించి 1976లో సంగీత దర్శకులయ్యారని మీ అబ్బాయి వాదించవచ్చు. నిజమే. ఆ ఉదాహరణ మాత్రం ఇంట్లో వాడవద్దని చెప్పండి, అక్కడితో వాదన చెడుతుంది.

నా సలహా: డిగ్రీ ఏదైనా సరే, గుంటూరు, విజయవాడల్లోనే చేర్చండి. ఇంజినీరింగ్ అయినా ఫరవాలేదు, దూరపు హాస్టలు మాత్రం వద్దు. మన ఊళ్లలో క్రైస్తవ గీతాల ఆల్బమ్‌లు చిన్న స్టూడియోల్లో తయారవుతున్నాయి. చర్చిలో వాయించే కుర్రాడికి ఆ గుమ్మం దగ్గరే. డబ్బివ్వకపోయినా ముందు అక్కడ కూర్చోనివ్వండి. ట్రినిటీ కాలేజ్ లండన్ గిటారు పరీక్షల్లో ఎనిమిది గ్రేడ్లుంటాయి. సర్టిఫికెట్ చూసి ఎవరూ పిలవరు కానీ, వాటికి చదివితే నొటేషన్ వంటబడుతుంది. కర్ణాటక సంగీతం కూడా కొంత నేర్పించండి. “మోహనలో ఒక బిట్టు వెయ్యి” అన్నప్పుడు ఆ రాగంలోని అయిదు స్వరాలు వెతుక్కుంటూ కూర్చుంటే, మర్నాడు ఇంకొకరికి ఫోను వెళుతుంది.

ఇంటర్ పరీక్షలయ్యాక ఆరు నెలలు గడువివ్వండి. అప్పుడు నేను అతను చూడని ఎనిమిది బార్లు రాసి పంపుతాను. లయ కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి అరవై దెబ్బల దగ్గర పెట్టి, ఫోనులో రికార్డు చేస్తూ, మొదటిసారికే వాయించమనండి. నాన్నగారిని పక్కనే కూర్చోబెట్టండి. ఎంత ఉక్కపోతగా ఉన్నా ఫ్యాను కట్టేయండి.