ఇల్లు లేనివారి చేతికి కెమెరా ఇవ్వడం వల్ల ఉపయోగం ఉందా?

వీధుల్లో, షెల్టర్లలో ఉంటున్నవారితో ఫొటోగ్రఫీ కార్యక్రమం చేద్దామనుకుంటున్నామని, ‘తలదాచుకునే చోటు లేనివాళ్లకు కెమెరా ఎందుకు’ అని కొందరు అంటున్నారని రాశారు. అలాంటి కార్యక్రమంలో కొంతకాలం వాలంటీరుగా పనిచేశాను. తప్పకుండా చేయండి. కెమెరాతో ఇల్లు రాదు, ఆ మాట మొదటి రోజే సూటిగా చెప్పేయండి. కానీ ఎప్పుడూ ఇంకొకరి ఫొటోలో దీనంగా కనిపించే మనిషి, తన గురించి ఏం చూపించాలో తానే నిర్ణయించుకోవడం చిన్న సంగతి కాదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1990లలో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యునాన్‌లో పల్లెటూరి మహిళలకు కెమెరాలిచ్చి, తమ జీవితం గురించి తామే ఫొటోలతో చెప్పే ‘ఫొటోవాయిస్’ పద్ధతిని మొదలుపెట్టారు. లండన్‌లో కేఫ్ ఆర్ట్ సంస్థ ‘మై లండన్’ పేరుతో ఇల్లు లేనివారికి 100 డిస్పోజబుల్ (ఒకే ఫిల్ముకు వాడే చవక) కెమెరాలు పంచి, వచ్చిన ఫొటోలతో క్యాలెండర్ వేసింది. ఆ రకం కెమెరాకు ఛార్జింగ్ అక్కర్లేదు, పోతుందన్న టెన్షన్ పెద్దగా ఉండదు. ఫిల్ములో సాధారణంగా 27 ఫొటోలే కాబట్టి ఆలోచించి నొక్కుతారు. చీకట్లో ఫ్లాష్ వాడాలని మాత్రం చేసి చూపించండి.

అసలు పని ప్రింట్లు వచ్చాక మొదలవుతుంది. అందరూ కూర్చుని, ఎవరి ఫొటో గురించి వాళ్లే చెప్పాలి. మేం చేసినప్పుడు చాలామంది కష్టాలను తీయలేదు. పెంపుడు కుక్కను, స్నేహితుణ్ని, నచ్చిన గోడ బొమ్మను తీశారు. అప్పుడు నిర్వాహకులకు ‘కాస్త మనసు కదిలించేవి’ ఏరాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ప్రదర్శనలో ఏ ఫొటో పెట్టాలి, కింద ఏం రాయాలి అన్నది తీసినవారి ఇష్టం. రాయడం రానివారు చెబితే వాళ్ల మాటల్లోనే రాయండి, దిద్దకండి.

అనుమతి రెండుసార్లు అడగండి: కెమెరా ఇచ్చేటప్పుడు ఒకసారి, ప్రింటు చూపించి మరోసారి. హింస భరించలేక ఇల్లు వదిలి వచ్చినవాళ్లు ఉంటారు. ఫొటో వెనకాల కనిపించే ఒక బోర్డు చాలు, వాళ్లెక్కడున్నారో తెలిసిపోవడానికి. ఫొటోలో ఉన్న ఇతరులనూ అడగాలి. పేరు వేయాలా వద్దా అన్నదీ వాళ్లే చెప్పాలి.

ఇక డబ్బు సంగతి. ఫొటో అమ్ముడైతే తీసినవారి వాటా ఎంత, ఎప్పుడు ఇస్తారు అన్నది ప్రదర్శనకు ముందే కాగితం మీద రాసివ్వండి. బ్యాంకు ఖాతా లేనివాళ్లుంటారు, వాళ్లకు నగదు ఇచ్చే ఏర్పాటు కూడా అప్పుడే చూసుకోండి.