మామగారి పెన్షన్, మావారి గ్రూప్స్

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి 33 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక బాబుతో సహా అత్తగారింటికి వచ్చేశాం. ఏడు నెలలుగా గ్రూప్-2 అంటూ పొద్దున్నే పాత ఆఫీసు బ్యాగు తగిలించుకుని బ్రాడీపేటలో కోచింగ్‌కి వెళ్తున్నారు. మొన్నొక ప్రైవేటు ఆఫర్ వస్తే వద్దన్నారు. నేను స్కూల్లో టీచర్‌ని. రిటైర్డ్ హెడ్మాస్టరైన మామగారు ‘ఎన్నేళ్లైనా చదవనీ’ అంటారు. నేను నోరెత్తితే డబ్బాశ అంటారు.

జవాబు: ఆ బ్యాగు సంగతి మీరు ఊరికే రాసినట్టున్నారు గానీ, అసలు కథ అందులోనే ఉందమ్మా. పొద్దున్నే ఇంట్లో కూర్చుని కనబడటం ఆయనకి కష్టంగా ఉంది. ‘రేపట్నించి రావద్దు’ అని ఎవరూ అనలేని చోటు కావాలి. ‘ఆ ఆఫర్ ఎందుకు వదిలేశారు’ అని మీరు అడిగితే, మళ్లీ అక్కడికే పొమ్మంటున్నట్టు ఆయనకి వినిపిస్తుంది. కొన్నాళ్లు ఆ మాటెత్తకండి.

మామగారిది ప్రేమే, లెక్క మాత్రం పాతది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకి ఆయనకొచ్చే పెన్షన్ లేదు. జీతంలోంచి 10 శాతం కోసి సీపీఎస్‌లో, అంటే ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకంలో వేస్తారు. గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు ప్రొబేషన్ అయ్యేదాకా నెలకి 15,000తోనే నెట్టుకొచ్చారు. (అయినా సంబంధాల దగ్గర వాళ్లకున్న గిరాకీ తగ్గలేదనుకోండి!) ఉద్యోగ భద్రత నిజమే, కాదనను. దారే పొడుగు. 2023 డిసెంబరులో గ్రూప్-2 నోటిఫికేషన్ వస్తే ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి. అదీ దాదాపు 900 పోస్టుల కోసం. పైగా ఆ నోటిఫికేషన్‌కి వయోపరిమితి 42. అదే కొనసాగితే మీవారికి ఇంకా తొమ్మిదేళ్ల సందు ఉందన్నమాట. నా భయమంతా ఆ సందు గురించే.

ఒక ఆదివారం ఇద్దరూ డాబా మీదకెళ్లి కూర్చోండి, మామగారు లేకుండా. బ్యాంకులో ఎంతుంది, బాబు ఫీజెంత, మీ జీతం ఎన్నో తారీఖుదాకా వస్తుంది, కాగితం మీద ఆయన చేతే రాయించండి. తర్వాత ఒకటే అడగండి: ‘ఎన్ని సార్లు రాద్దాం?’ ఒక్కసారా, రెండుసార్లా, ఆయన్నే చెప్పనివ్వండి. ఈలోగా సాయంత్రాలు చేసుకునే పని ఏదైనా దొరుకుతుందేమో చూడమనండి, చదువు మానమనకండి.

డబ్బాశ అన్న మాటకి మాత్రం మీరు జవాబు చెప్పక్కర్లేదు. ఈ నెల కరెంటు బిల్లు కట్టమని మామగారికే ఇచ్చి చూడండి.