బల్లెం కొనేముందు పొన్ను చూడరా

ఒరేయ్ అల్లుడూ,

ఫిలిప్పీన్స్‌లోని దావావ్ నుంచి నువ్వు పంపిన నాలుగు పాత బల్లేల ఫోటోలూ జూమ్ చేసి చేసి చూశా. ఎంబీబీఎస్ చదవడానికి వెళ్ళి పాత సామాన్ల షాపుల చుట్టూ తిరుగుతున్నావని మీ అమ్మకి చెప్పలేదులే. నేనూ శాన్ డియెగోలో ఉన్నప్పుడు శనివారం వస్తే చాలు ఎస్టేట్ సేల్స్‌కి పోయేవాణ్ణి, దక్షిణ ఫిలిప్పీన్స్ ముస్లిం తెగలైన మోరోల బల్లేలు నాకు దొరికింది అక్కడే, ఎందుకంటే 1900ల మొదట్లో మోరోలుండే మిండనావో, సులు దీవుల్లో పనిచేసిన అమెరికా సోల్జర్లు గుర్తుగా వీటిని ఇళ్ళకి పట్టుకుపోయారు, ట్రంకుల్లో పట్టక కొందరైతే కర్ర కోసేశారు కూడా. కాబట్టి కర్ర పొట్టిగా ఉందని ఫేక్ అనేయకు, రంపం కోత పాతదో కొత్తదో చూడు.

అందరూ ముందు ఇనుమే చూస్తారు. నువ్వు పొన్ను చూడు. మన రోకలికి ఉంటుందే, అలాంటిదే. బుడియాక్‌కి, అంటే మోరో బల్లేనికి, మామూలుగా ఇనుము కింద తోకలాగ సన్నగా ఉండి కర్ర లోపలికి దిగుతుంది, అక్కడ కర్ర చీలకుండా ఇత్తడిదో వెండిదో పొన్ను పట్టి ఉంటుంది. నిజంగా పాతదైతే పొన్నుకీ కర్రకీ మధ్య సందులో ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి నల్లగా గట్టిపడి ఉంటుంది, వేలు పెట్టి తడిమితే అంచు ఎక్కడుందో సరిగ్గా తెలీదు. నేను ఒకసారి ఇనుము అందం చూసి 180 డాలర్లు పోసి ఒకటి కొన్నా, వారానికే ఊగడం మొదలెట్టింది, లాగితే చేతిలోకొచ్చింది, లోపల పసుపురంగు ఎపాక్సీ జిగురు, పొన్నేమో కుళాయి పైపు ముక్క! ఇనుము పాతదేరా పాపం, మిగతాదంతా ఎవడో గ్యారేజీలో అతికించాడు.

కర్ర పాల్మా బ్రావా అనే తాటిలాంటి చెట్టుదైతే కోసిన చోట మన తాటిదూలంలో లాగే నల్లటి ఈనెలు కనపడతాయి. వార్నిష్ నిగనిగలాడుతుంటే అనుమానించు. ఇనుము ఆకు ఆకారంలో ఉంటుంది, కొన్ని క్రిస్ కత్తిలాగ వంకర్లు తిరిగి ఉంటాయి, పొరలు పొరలుగా సాగగొట్టిన ఉక్కైతే వెలుతురికి వాలుగా పట్టినప్పుడు చెక్కమీద గీతల్లాంటివి కనిపిస్తాయి. ఒకిర్ అనే తీగెల నగిషీ ఉంటే లోతు అన్నిచోట్లా ఒకేలా ఉందా అని చూడు, ఉలితో చేతిపని అంత సమానంగా రాదు. నీ మూడో ఫోటోలో రెండువైపులా ముళ్ళున్నది మోరోది అన్నాడా షాపువాడు? నాకు నమ్మకం లేదు, అన్ని ముళ్ళు ఉత్తరాన లూజాన్ కొండల్లో బొంటోక్ వాళ్ళ బల్లేలకి ఉంటాయి.

కొన్నాక తళతళలాడించాలని తోమకు. నేను వైర్ బ్రష్‌తో గీకేసి, ఆ నల్లటి పాతరంగు మొత్తం పోగొట్టి, ఒక మంచి పీసుని కసాయి కత్తిలాగ చేసేశా, ఇప్పటికీ దాన్ని గోడకి పెట్టలేదు. ఎర్రతుప్పు ఉంటే నూనె గుడ్డతో నెమ్మదిగా తుడువు, ఇత్తడి చిలుము టూత్‌పిక్‌తో తీయి, అంతే.

ఇంకోటి. 1906లో బుడ్ దాజో, 1913లో బుడ్ బగ్సక్ కొండల మీద అమెరికా సైన్యం చేతిలో వందలమంది మోరోలు చచ్చిపోయారు, ఆడాళ్ళూ పిల్లలూ కూడా. ఇలాంటి ఆయుధాలు కొన్ని ఆ శవాల పక్కన ఏరుకొచ్చినవే. అందుకే దాన్ని పట్టుకుని సెల్ఫీలు పెట్టకు.

వందేళ్ళ నాటి వస్తువంటే ఫిలిప్పీన్స్‌లో 10066 నంబర్ హెరిటేజ్ చట్టం కిందకి వస్తుంది, వాళ్ళ నేషనల్ మ్యూజియం పర్మిట్ లేకుండా దేశం దాటించలేవు. ఇక్కడ మన ఆర్మ్స్ రూల్స్‌లో కూడా బల్లేలు లిస్టులో ఉన్నాయి, సూట్‌కేస్‌లో కుక్కి తెద్దామనుకుంటే ఎయిర్‌పోర్ట్‌లోనే ఉండిపోతావ్. కొనాలనుంటే పర్మిట్ సంగతి తేలాకే డబ్బులివ్వు.

రెండో ఫోటోలోది బాగానే ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు పొన్ను కింద అంచుకి టార్చి పక్కనుంచి కొట్టి ఫోటో తీసి పంపు, అడ్వాన్స్ అప్పటిదాకా ఇవ్వకు, సెమిస్టర్ ఫీజు డబ్బులు అసలు ముట్టుకోకు.

నీ మావయ్య