ఒక డిష్, రెండు టీవీలు: యాత్రల బండిలో వైరింగ్

ప్రశ్న: మా పాత మినీ బస్సులో సీట్లు తీయించి, పడకలూ చిన్న వంటగట్టూ పెట్టించి, కుటుంబమంతా తీర్థయాత్రలకు వెళ్లేందుకు వీలుగా మార్చుకున్నాము. ముందు భాగంలో పిల్లలకు ఒక టీవీ, వెనుక పడకల దగ్గర అమ్మకూ నాన్నగారికీ మరొకటి అమర్చాము. నెలవారీ చందా డీటీహెచ్ బాక్సులు రెండు ఉన్నాయి. డిష్ ఒక్కటే. దాని నుంచి వచ్చే వైరును స్ప్లిటర్‌తో రెండు బాక్సులకు పంచారు. పిల్లలు ముందు టీవీలో క్రికెట్ పెట్టగానే వెనుక భక్తి ఛానల్ ఆగిపోయి ‘సిగ్నల్ లేదు’ అని వస్తుంది. స్ప్లిటర్ మార్చినా ఫలితం లేదు. రెండో డిష్ పెట్టించాలా? త్వరలో కాశీకి బయలుదేరుతున్నాము, అక్కడ డిష్‌ను ఎటు తిప్పాలి?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: రెండో డిష్ అవసరం లేదు. మీ స్ప్లిటర్ కూడా చెడిపోలేదు, అది ఈ పనికి తగిన పరికరం కాదు, అంతే.

డిష్ ముందు చేతిలాంటి కడ్డీకి బిగించి ఉండే ఎల్‌ఎన్‌బీ (సంకేతాలను అందుకుని వైరులోకి పంపే చిన్న పరికరం) ఉపగ్రహ సంకేతాలన్నిటినీ ఒకేసారి కిందికి పంపదు. ఏ భాగం కావాలో బాక్సే అదే వైరు గుండా అడుగుతుంది: 13 వోల్టులు పంపితే నిలువు ధ్రువణంలోని (తరంగాలు నిలువుగా ఊగే) ఛానళ్లు, 18 వోల్టులు పంపితే అడ్డ ధ్రువణంలోని ఛానళ్లు వస్తాయి. పై బ్యాండు (ఎక్కువ పౌనఃపున్యాల భాగం) కావాలంటే దానికి 22 కిలోహెర్ట్జ్‌ల సంకేతం కూడా తోడవుతుంది. మీ బండిలో రెండు బాక్సులు ఒకే ఎల్‌ఎన్‌బీని చెరొకటి అడుగుతున్నాయి. స్ప్లిటర్‌లో ఎక్కువ వోల్టేజీదే పైచేయి కాబట్టి, క్రికెట్ ఛానల్ కోసం ముందు బాక్సు 18 వోల్టులు పంపగానే, 13 అడుగుతున్న వెనుక బాక్సుకు బొమ్మ పోతుంది. నిర్ధారించుకోవాలంటే వెనుక బొమ్మ పోయిన సమయంలో ముందు బాక్సు ప్లగ్ పీకి చూడండి, బొమ్మ తిరిగి వస్తే కారణం ఇదే. రిమోట్‌తో ఆపితే చాలదు, ఎందుకంటే కొన్ని బాక్సులు ఆపినట్టు కనిపించినా వైరులోకి వోల్టేజీ పంపుతూనే ఉంటాయి.

కాబట్టి ఆ ఎల్‌ఎన్‌బీ స్థానంలో రెండు స్వతంత్ర అవుట్‌పుట్లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టించి, ఒక్కొక్క బాక్సుకు ఒక్కొక్క వైరును విడిగా లాగించండి. పాతదాని మీద ముద్రించిన లోకల్ ఆసిలేటర్ అంకెలు (యూనివర్సల్ రకమైతే 9.75, 10.6 గిగాహెర్ట్జ్) కొత్తదాని మీదా ఉండాలి. డైసెక్ స్విచ్ ఇస్తామంటే మాత్రం తీసుకోవద్దు. అది అనేక ఎల్‌ఎన్‌బీలను ఒక్క బాక్సుకు కలిపేది, మీకు కావలసినదానికి సరిగ్గా వ్యతిరేకం. ఇంకో టీవీ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే నాలుగు అవుట్‌పుట్ల క్వాడ్ రకం కొనడం మేలు.

వైరు 75 ఓమ్‌ల ఆర్‌జీ-6 అయి ఉండాలి. ఇళ్లలో వాడే మరతిప్పే కనెక్టర్లు బండి కుదుపులకు వదులవుతాయి, కంప్రెషన్ కనెక్టర్లే బిగించమనండి. వైరు కొస కోసినప్పుడు జల్లెడలాంటి బయటి అల్లికలోని ఒక్క పోగు మధ్య రాగి తీగను తాకినా షార్ట్ అవుతుంది, రెండు టీవీలున్నచోట ఏది దోషమో వెతకడం పెద్ద పని. మీది సముద్రతీర ప్రాంతం గనుక ఉప్పుగాలికి బయటి కనెక్టర్ లోపల రాగి పచ్చబారి సిగ్నల్ నెమ్మదిగా పడిపోతుంది. పైన బిగించిన ప్రతి కనెక్టర్‌కూ తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టించండి. వైరు బండిలోకి దిగేచోట కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఇన్వర్టర్ వైర్లకు ఆనించి వీటిని లాగకూడదు.

కరెంటు విషయానికి వస్తే, రెండు 32 అంగుళాల ఎల్ఈడీ టీవీలూ రెండు బాక్సులూ కలిపి సుమారు 120 వాట్లు తీసుకుంటాయనుకుంటే, 100 ఆంపియర్ అవర్ల లెడ్ ఆసిడ్ బ్యాటరీలో సగమే వాడుకుంటూ నాలుగు గంటలు నడపవచ్చు.

ఇక దిశ. మామూలు డిష్ బండి ఆగినప్పుడే పనిచేస్తుంది. టాప్ మీద శాశ్వతంగా బిగించడం కంటే విడిగా మూడు కాళ్ల స్టాండు మీద నేలపై నిలపడమే నా సలహా, ఎందుకంటే బండిని వేపచెట్టు నీడలో ఆపి, ఆకులు అడ్డురాని చోట డిష్‌ను పెట్టుకోవచ్చు. టాటా ప్లే ఉపగ్రహాలుండే 83 డిగ్రీల తూర్పు రేఖాంశానికి మీ సింగరాయకొండలో డిష్ దాదాపు దక్షిణానికి, కొద్దిగా తూర్పుకు (దిక్సూచిలో 169 డిగ్రీలు), 72 డిగ్రీల ఎత్తుకు చూడాలి. కాశీలో సరిగ్గా దక్షిణానికి, 60 డిగ్రీల ఎత్తుకు చూడాలి. డీడీ ఫ్రీ డిష్ వచ్చే 93.5 డిగ్రీల జీశాట్-15 ఉపగ్రహానికైతే మీ ఊళ్లో ఆగ్నేయంగా 138, ఎత్తు 66. కాశీలో 157, ఎత్తు 58. మీ సంస్థ వేరేదైతే దాని రేఖాంశం తెలుసుకుని ఈ లెక్కే కట్టించండి. చాలామంది మరచిపోయే సంగతి మరొకటి ఉంది: ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే కొంత తిప్పాలి. 83 డిగ్రీల ఉపగ్రహానికి ఈ తిప్పులో మీ ఊరికీ కాశీకీ తేడా 11 డిగ్రీలు, 93.5కు దాదాపు 20. డిష్ సరిగ్గా చూస్తున్నా ఇది తిప్పకపోతే కొన్ని ఛానళ్లు చీలిపోతాయి. దిక్సూచిని బండి ఇనుముకు దూరంగా నిలబడి చూడండి.

బండి లోపల ప్యానెళ్లు మూయక ముందే రెండు వైర్లను ఒక్కొక్కటిగా ఒకే బాక్సుతో పరీక్షించండి. తరువాత రెండు బాక్సులనూ కలిపి, ఇంతకు ముందు గొడవపడిన అదే క్రికెట్, భక్తి ఛానళ్లను చెరొక టీవీలో ఒకేసారి పెట్టి, రెండూ నిలకడగా వచ్చాకే స్క్రూలు బిగించండి.