పొగ మొదట లేచిన తేదీ ఏది?

ప్రశ్న: గుంటూరులో మా కాలనీ వెనక ఖాళీ స్థలం ఉంది. నిరుడు సంక్రాంతి దాటాక రెడీమేడ్ కుట్టు యూనిట్ల పీలికలు, పాత బట్టలు అక్కడ పోసి రాత్రిళ్లు తగలబెడుతున్నారు. మా అత్తగారు ఆయాసంతో మంచం పట్టారు. కార్పొరేషన్‌కు ఎన్నో అర్జీలు ఇచ్చాం, ఎవరూ కదల్లేదు. పాత బట్టలను కంపెనీలే వెనక్కి తీసుకునేలా చట్టం తెమ్మని హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయాలని మా మహిళా బృందం నిర్ణయించింది. పేపర్ కటింగులు చాలని, పాత అర్జీల సంగతి రాయకుండా గత నెలలోనే మంటలు మొదలైనట్టు చూపించమని తెలిసినాయన ఒకరు చెబుతున్నారు. గెలుస్తామా? - ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పొగ వల్ల పడుతున్న బాధంతా రాశారు గానీ అది మొదట లేచిన తేదీ రాయలేదు. మీ కేసు నిలిచినా పడినా ఆ తేదీ మీదే.

ముందుగా పిల్ సంగతి. ఫలానా చట్టం చేయమని ప్రభుత్వాన్నిగానీ శాసనసభనుగానీ కోర్టు ఆదేశించదు. ఆ ఒక్క కోరికతో వెళితే మొదటి వాయిదాకే కొట్టేస్తారు, పొగ విషయం విచారణకే రాదు. బట్టలు తగలబెట్టడం ఆపించడం ఒక పని, చట్టం తెప్పించడం ఇంకో పని. ఒకే పిటిషన్‌లో రెండూ కలపకండి.

మంటలు ఆపించడానికి మీరు వెళ్లాల్సింది పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, చెన్నైలోని దాని దక్షిణ మండల బెంచికి. అక్కడ పోసే బట్టలు, పీలికలు పొడి చెత్త కిందికే వస్తాయి. చెత్తను ఆరుబయట కాల్చడం ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం నిషిద్ధం. ఆ నియమాలు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి కాబట్టి ట్రిబ్యునల్‌కు అధికారం ఉంది.

చిక్కంతా గడువు దగ్గరే. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద దరఖాస్తు చేయాలంటే వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి 6 నెలలే గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, ఆపైన ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. నిరుడు సంక్రాంతి నుంచి లెక్కేస్తే మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పెట్టిన ప్రతి మంటా కొత్త కారణమే అని వాదించవచ్చు. దాని ఒక్కదాని మీదే కేసు నడపవద్దు. సెక్షన్ 15 కింద పరిహారానికి, పాడైన పర్యావరణాన్ని పునరుద్ధరించాలని కోరడానికి గడువు 5 ఏళ్లు. స్థలాన్ని శుభ్రం చేయించాలి, బూడిద, మసి పట్టిన మట్టి తీయించాలి, ఖర్చు బాధ్యుల దగ్గర వసూలు చేయాలి అని ఆ సెక్షన్ కింద కోరండి. ఇకపై కాల్చకుండా ఆదేశించాలన్న కోరికను, ఈమధ్య పెట్టిన మంటల తేదీలు చూపించి, దానికి జోడించండి.

మీ తెలిసినాయన సలహా మాత్రం వినకండి. దరఖాస్తుతో పాటు అఫిడవిట్ ఇస్తారు, అందులో తేదీ మార్చడమంటే అబద్ధపు సాక్ష్యం చెప్పడమే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద అందుకు 7 ఏళ్ల దాకా జైలు ఉంది. మీరు ఇచ్చిన అర్జీలు కార్పొరేషన్ ఫైళ్లలోనే ఉంటాయి, వాళ్ల లాయరే తెచ్చి బెంచి ముందు పెడతాడు. నిజాలు దాచారన్న ఒక్క కారణంతో ఖర్చులు వేసి పంపేస్తారు. పేపర్ కటింగూ అంతే, విలేకరి విన్నదే అందులో ఉంటుంది, దానంతటది రుజువు కాదు.

ఎన్నో అర్జీలు ఇచ్చామన్నారు, ముద్ర వేయించుకున్న కాపీ ఒక్కటీ జతచేయలేదు. అర్జీ అందినట్టు ఆఫీసు రిజిస్టరులో వేసే ఇన్‌వర్డ్ నంబరు అడగకుండా కాగితం ఇచ్చి రావడం అజాగ్రత్త. ఆ ఒక్క నంబరు ఉంటే ఇవాళ తేదీ గొడవే ఉండేది కాదు. ఇప్పుడైనా సమాచార హక్కు చట్టం కింద కార్పొరేషన్ ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఆ స్థలం మీద వచ్చిన ఫిర్యాదుల కాపీలు, తీసుకున్న చర్యలు, వేసిన జరిమానాలు, చుట్టుపక్కల కుట్టు యూనిట్ల ట్రేడ్ లైసెన్సులు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఈ గడువు కూడా పోగొట్టుకోకండి.

ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుంటే తీసిన సమయం, చోటు వివరాలు చెరిగిపోతాయి. తీసిన ఫోన్‌లోని అసలు ఫైళ్లు ఉంచండి, ఫోన్ మార్చకండి. వాటికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఫోన్ యజమాని, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. కాలకుండా మిగిలిన పీలికల్లో యూనిట్ లేబుళ్లు, బిల్లు ముక్కలు, ప్యాకింగ్ కవర్లు వెతకండి. ఎవరు పోస్తున్నారో తేల్చేవి అవే. స్థలం యజమాని పేరు కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయండి. యజమాని, యూనిట్లు, కార్పొరేషన్ కమిషనర్, కాలుష్య నియంత్రణ మండలి - వీళ్లంతా ప్రతివాదులే.

అత్తగారి ఆయాసానికి పరిహారం కోరాలంటే తేదీలున్న ఓపీ చీటీలు, ఊపిరితిత్తుల డాక్టరు రిపోర్టులు కావాలి. అడిగిన మొత్తంలో 1 శాతం ఫీజు కట్టాలి, కనీసం 1,000 రూపాయలు. 10 లక్షలు అడిగితే 10,000. రిపోర్టులు లేకపోతే ఆ కోరిక వదిలేసి పునరుద్ధరణే అడగండి.

ఈలోగా కాలుష్య నియంత్రణ మండలి గుంటూరు ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల పరిహారం వసూలు చేయాలని ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఫిర్యాదులో ఉటంకించండి.

ఇక చట్టం సంగతి. మీరు కోరుతున్నది రావలసిన చట్టమే. ప్లాస్టిక్, ఈ-వేస్ట్, బ్యాటరీలు, టైర్లు తయారుచేసినవాళ్లకు వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత మన దేశంలో ఉంది, బట్టల కంపెనీలకు లేదు. ఫ్రాన్స్ 2007లోనే పెట్టింది, యూరోపియన్ యూనియన్ తన సభ్య దేశాలన్నిటికీ 2025లో తప్పనిసరి చేసింది. మన దగ్గర ఆ నియమాలు చేయగలిగింది కేంద్రం. అందుకని వినతిపత్రం కేంద్ర పర్యావరణ శాఖకు, కాపీ జౌళి శాఖకు పంపండి. ఏటా ఎంత శాతం వెనక్కి తీసుకోవాలి, కుట్టు యూనిట్ల పీలికలు దాని కిందికి వస్తాయా, నూలు, పాలిస్టర్ విడదీసే కూలీకి డబ్బు ఎవరివ్వాలి, లెక్క ఎవరు తనిఖీ చేయాలి - ఈ నాలుగూ స్పష్టంగా రాయండి. ముసాయిదా వస్తే అభ్యంతరాలకు సాధారణంగా 60 రోజులే ఇస్తారు.

బట్టలను వేరుగా సేకరించమని మాత్రం గుంటూరు కార్పొరేషన్‌నే అడగండి, బైలాల్లో చేర్చుకునే అధికారం దానికి ఉంది. ఆ వినతిపత్రానికి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.